ఏడో మంచెలో తెలుపు తప్పిన సంగతి

నాలుగో మంచెలో తెరలకి రంగు పట్టే పని కొత్తగా తీసుకున్నవారికి, ఏడో మంచె నుంచి మల్లాడి సింహాద్రి నమస్కరించి రాస్తున్నది.

ముందుగా నా చేతిరాతకి క్షమించాలి. వరసలు ఒక పక్కకి ఒరిగిపోతాయి. ఒత్తులు నాకు చిన్నప్పటి నుంచీ కుదరవు. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఐదులోకి వెళ్ళేలోగా ఊళ్ళోకి సముద్రం వచ్చింది, అందరం నీళ్ళ మీద కట్టిన ఈ మంచెల మీదికి చేరాం. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఉత్తరాలు రాయడం కూడా అలవాటు లేదు. పెద్ద మంచె డాక్టరు రెహానా గారు పట్టుబట్టారు. మాట తీగ మీద చెప్పింది రెండు రోజులకి మరిచిపోతారు, కాగితం మీద పెట్టి పది మంచెలకీ పంపండి అన్నారు. అందుకని నా రంగు పుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకున్నది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, మొదటి ప్రతి మీకు. నాకు సిగ్గుగా ఉన్న చోట కూడా కొట్టివేయలేదు.

వానగాలి, 2వ రోజు

ఈ రోజు రంగు పట్టాను. భోజనాల హాలు టీవీ, వలల షెడ్డులో మానిటరు, పురుడుగదిలో తెర. మూడింటినీ అరగంట ముందే వేసి ఉంచాను. చల్లగా ఉన్న తెర రంగు అబద్ధం చెబుతుంది. బూడిద రంగు చొక్కా వేసుకున్నాను. ఎర్ర చొక్కా వేసుకుని తెర ముందు కూర్చుంటే ఆ ఎరుపు తెర అద్దంలో పడుతుంది. కిటికీలు మూశాను.

హాలు టీవీ ఎప్పటిలాగే మొండికేసింది. అది పాతకాలం కొట్టులోది. కొనేవాళ్ళ కన్ను దాని మీదే పడాలని ఆ రోజుల్లో రంగు ఎక్కువ పెట్టి తయారుచేసేవారట. దాన్ని మామూలుగా వదిలేస్తే మనుషులు ఇటుకల్లా కనిపిస్తారు. షెడ్డు మానిటరులో అదే ఫోటో ఎండలో పడేసిన రొయ్య తోలులా వెలిసిపోయి ఉంటుంది. మూడింటిలోనూ ఒకే మనిషి ఒకే రంగులో కనబడేదాకా మీటలు నొక్కుతూ కూర్చోవాలి. నలభై ఏళ్ళుగా నా పని అదే.

మూడింటికీ నీలం రెండు మెట్లు పెంచాను. కిందటి నెలా రెండు మెట్లు పెంచాను. తెరలు ముసలివవుతున్నాయి, పసుపు తిరుగుతున్నాయి అనుకుంటున్నాను.

హాల్లో ఆడవాళ్ళు సణిగారు. చేపలు ఎండబెట్టే బంగారమ్మ తన పెనిమిటి ఫోటో తెర మీద చూసి, "మా ఆయన బతికున్నప్పుడు నల్లగా ఉండేవోడు బాబాయ్. నువ్వేటో నీలిమందు ఎక్కువైన పంచెలా సేసేశావు," అంది. అందరూ నవ్వారు. వాళ్ళకి ఇటుక రంగు అలవాటైపోయింది.

రంగులు సరిచూసుకునే చారల గుడ్డ బయటికి తీయలేదు. అనుమానం వస్తేనే తీయాలని నియమం. వెలుతురు చూసిన కొద్దీ గుడ్డ వెలిసిపోతుంది. పదకొండు మంచెలకీ ఒకే తానులోంచి కోసిన గుడ్డ, తొమ్మిది చారలు. మళ్ళీ అలాంటి అద్దకం వేసేవాళ్ళు లేరు. ఆరేళ్ళుగా అది ఉన్న రేకు పెట్టె మూత తీయలేదు. నాకు అనుమానం రాలేదు.

వానగాలి, 4వ రోజు

బంగారమ్మ కూతురు దుర్గాభవానికి తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మూడు వారాలు ముందే వచ్చింది. చిన్న పిల్ల. ఏడుపు మాత్రం గట్టిది.

పెద్ద మంచెకి ఫోటో పంపాను. ఫోటో మూలన గుడ్డ పెట్టాలి. పెట్టలేదు. తెర మొన్ననే పట్టాను కదా, పిల్ల బాగుంది కదా, గుడ్డని ఎందుకు బయటికి తేవడం అనుకున్నాను.

డాక్టరు గారు చూసి, బాగుంది, పాలు పట్టిస్తూ ఉండండి అన్నారు.

వానగాలి, 6వ రోజు

గాలి పెరిగింది. పడవలు లోపలికి లాగేశారు. వంట పోలయ్య గొడుగు సముద్రంలో పడింది.

పిల్ల పసుపుగా ఉందని బంగారమ్మ పొద్దున్నించి అంటోంది. మళ్ళీ ఫోటో పంపాను. డాక్టరు గారు తెర మీద చూసి, ఒంటి రంగు బాగానే ఉందే, కామెర్లలా లేదే అన్నారు. బంగారమ్మ ఒప్పుకోలేదు. అప్పుడు డాక్టరు గారు, సింహాద్రి గారిని అడగండి, ఆయన కన్ను కంటే నా కన్ను ఎక్కువ కాదు అన్నారు.

ఆమె తెర కూడా నేను పట్టిందే. కిందటి నిలకడ కాలంలో, సముద్రం నెమ్మదించినప్పుడు, నన్ను పడవ మీద తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచుకుని మరీ రంగు పట్టించుకున్నారు.

పురుడుగదిలోకి వెళ్ళాను. పిల్ల పసుపుగానే కనిపించింది. కానీ పిల్ల కింద పరిచిన దుప్పటీ పసుపుగానే ఉంది, గోడా పసుపుగానే ఉంది. పైన పాత బల్బు వెలుగుతోంది. దీపం రంగు పడుతోంది, పిల్లకేం లేదు అని చెప్పాను.

నా మాట మీద ఎవరూ ఇంకేం అనలేదు. బంగారమ్మ కూడా.

వానగాలి, 7వ రోజు, పొద్దున్న

ఇది రాయడం కష్టంగా ఉంది.

నేను గంజి తాగుతుంటే బంగారమ్మ నా గదికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం అవతల నిలబడి మాట్లాడే మనిషి లోపలికి వచ్చి కూర్చుంది. పిల్ల రాత్రి నుంచి పాలు సరిగా తాగడం లేదు, లేపినా లేవడం లేదు అని చెప్పింది. తర్వాత కొంగులోంచి మడత పెట్టిన చిన్న గుడ్డ తీసి కిటికీ దగ్గర పరిచింది. పిల్లకి చుట్టే పొత్తిగుడ్డ.

"ఇది ఏ రంగు బాబాయ్?" అంది.

"లేత మీగడ రంగు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

"సోడా వేసి ఉడకబెట్టి ఇప్పుడే తీసుకొచ్చాను. ఇది తెలుపు. పోలయ్యని అడిగాను, తెలుపన్నాడు. మా దుర్గ తెలుపంది. దీపం ఎక్కడుంది ఇక్కడ? ఇది కిటికీ."

కిటికీలోంచి బయటికి చూశాను. అలల మీద నురుగు విరుగుతోంది. నురుగు కూడా మీగడ రంగులోనే ఉంది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో నాకు గుర్తు రాలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

రేకు పెట్టె తెరిచాను. మూత తుప్పు పట్టి రాలేదు, బంగారమ్మ చేపల కత్తితో తీసింది. గుడ్డ లోపల బాగానే ఉంది. కిటికీ దగ్గర గుడ్డకి ఫోటో తీసి, పురుడుగది తెర మీద పెట్టి, తెర అంచునే అసలు గుడ్డని పట్టుకున్నాను.

తెర మీది తెల్ల చార, చేతిలో తెల్ల చార. విడివిడిగా చూస్తే తెర మీదిదే నాకు తెలుపు. పక్కపక్కన పెడితే రెండూ ఒకటి కావు. చెడిన కంటికి కూడా ఆ తేడా తెలిసింది. ఇది నలభై ఏళ్ళ కిందట నాకు మొదటి రోజున నేర్పిన పాఠం. పక్కన పెట్టి చూడు, గుర్తుపెట్టుకుని చూడకు అని. గుడ్డని కాపాడదామని గుడ్డని చూడడం మానేశాను. నీ కన్నే గుడ్డ సింహాద్రీ అని జనం అంటే నమ్మేశాను. కన్ను పసుపు తిరిగిన కొద్దీ తెరలకి నీలం పోస్తూ వచ్చాను.

డాక్టరు గారి తెర కూడా అలాగే పట్టాను. ఆ తెర మీద కామెర్లు ఎలా కనిపిస్తాయి?

పిల్లని కిటికీ దగ్గరికి తెప్పించి, పక్కన గుడ్డ పరిచి కొత్త ఫోటో తీసి పంపాను. అది సరిపోదు. ఆమెకి సంగతి చెప్పాలి. మాట తీగ మీద చెబితే పదకొండు మంచెలూ వింటాయి. ఆ తీగ మీద నేను ఎప్పుడూ మాట్లాడలేదు. నా బదులు చెప్పమని పోలయ్యని అడుగుదామనుకున్నాను. బంగారమ్మ పిల్లని ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. మాట గొట్టం నేనే తీసుకున్నాను.

"డాక్టరమ్మా, ఏడో మంచె సింహాద్రిని. మీ తెర తప్పు. నేనే తప్పుగా పట్టాను. నా కళ్ళు పోయాయి, నాకు తెలియలేదు. మీ గుడ్డ తీసి తెర అంచున పెట్టండి. ఫోటోలో తెల్ల చార మీ చేతిలో చారలా అయ్యేదాకా నీలం తగ్గించండి. ఆ తర్వాత పిల్లని చూడండి."

అంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు. తీగ మీద ఎవరో దగ్గారు. ఏ మంచెలోనో తెలియదు. తర్వాత ఆమె మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. లెక్కపెట్టాను. తొమ్మిది సార్లు నొక్కారు.

"సింహాద్రి గారూ," అన్నారు చివరికి. "పాప పసుపుగా ఉంది. పొట్ట దాటి కాళ్ళ దాకా ఉంది."

దుర్గాభవాని నేల మీద కూర్చుండిపోయింది. బంగారమ్మ కూర్చోలేదు.

డాక్టరు గారు గాలి సంగతి అడిగారు. నాలుగు రోజుల దాకా పడవ కదలదని చెప్పాము. ఎండ ఉందా అన్నారు. లేదు, మబ్బు. కామెర్లకి నీలం వెలుతురు పనిచేస్తుందని, దానికి దీపం తన దగ్గర ఉందని, పడవ లేకుండా దాన్ని ఎలా పంపేదని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. తర్వాత, "మీ తెరలు ఎంత నీలం దాకా వెళతాయి?" అని అడిగారు.

"సగం దూరం ఇప్పటికే తీసుకెళ్ళానమ్మా," అన్నాను.

నేను నవ్వించడానికి అనలేదు. కానీ తీగ మీద ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ నవ్వుకి నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది ఇది. తెరల వెలుగు బలం తక్కువ. ఇది అసలు చికిత్స కాదు, అసలు దీపం వచ్చేదాకా చేతనైనది చేయడం. కళ్ళకి గుడ్డ కట్టాలి. రెండు గంటలకొకసారి లేపి పాలు పట్టాలి, తాగకపోతే పాలు పిండి చెంచాతో పోయాలి. వెల్లకిలా కాసేపు, బోర్లా కాసేపు. రోజుకి రెండు ఫోటోలు, ప్రతి ఫోటోలో గుడ్డ.

వానగాలి, 8వ రోజు

తొమ్మిది తెరలు వచ్చాయి. మూడే ఉన్నాయనుకున్నాను. జనం తమ గదుల్లోంచి తెచ్చారు. ఒకాయన పగిలిన టీవీ తెచ్చాడు, సగమే వెలుగుతుంది. పాత మానిటరు ఒకటి చేపల బుట్టలో మోసుకొచ్చారు. ఒకే ఫోటో అన్నింటిలో ఒకేలా కనబడాలని జన్మంతా తంటాలు పడ్డాను. ఈ రోజు తొమ్మిదింటిలోనూ ఎరుపు తీసేశాను, ఆకుపచ్చ తీసేశాను, నీలం చివరిదాకా పెట్టాను. ఒక్కొక్కటి ఒక్కో నీలం. ఏదీ ఇంకోదానితో కలవదు. కలపడానికి ప్రయత్నించలేదు.

తెరలని తొట్టెలా చుట్టూ నిలబెట్టి మధ్యలో పిల్లని పడుకోబెట్టాం. వేడి తగలకుండా జానెడు దూరం. గాలిమర ఇచ్చే కరెంటు చాలలేదు. ఐసు పెట్టె కట్టేయమని బంగారమ్మే చెప్పింది. అందులో ఉన్నది ఆమె చేపలే. సాయంత్రానికి వాసన మొదలైంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

వానగాలి, 9వ రోజు

పిల్ల పొద్దున్న పాలు తాగలేదు. దుర్గాభవాని పాలు పిండి చెంచాతో పోసింది. సగం బయటికే వచ్చింది.

రంగు తగ్గిందా అని నన్ను ఎవరూ అడగలేదు. అలవాటు కొద్దీ నేనే వంగి చూశాను. ఆ నీలంలో నాకేమీ తెలియలేదు. కిటికీ దగ్గరికి తెచ్చి గుడ్డ పక్కన పెట్టి చూసేది బంగారమ్మ. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. ఈ రోజు ఆమె చెప్పింది: ముఖం నిన్నటిలాగే. పొట్ట నిన్నటిలాగే. పాదాలు కొంచెం మేలేమో, తెలవదు.

తెలవదు అన్న మాట కూడా రాయమంది. రాశాను. నలభై ఏళ్ళ పుస్తకంలో ఆ మాట ఎక్కడా లేదు.

వానగాలి, 10వ రోజు

పాదాలు మేలు. మోకాళ్ళ కింద పసుపు లేదు. డాక్టరు గారు కూడా తన గుడ్డ పక్కన చూసి అదే చెప్పారు. ఇద్దరూ వేరువేరుగా చూసి ఒకే మాట చెప్పడం నాకు ధైర్యంగా అనిపించింది.

మధ్యాహ్నం పిల్ల తనంతట తాను లేచి పాలకి ఏడ్చింది. జనం గుమ్మం దగ్గర గుమిగూడారు. నాలుగు రోజులుగా ఒకే సినిమా ఆడుతోంది, కథ లేదు గానీ హీరోయిన్ బాగుంది అన్నాడు పోలయ్య. నాలుగు కాదు, మూడు రోజులే. ఎవరూ సరిదిద్దలేదు.

వానగాలి, 12వ రోజు

గాలి తగ్గింది. పెద్ద మంచె పడవలో డాక్టరు గారు దీపంతో సహా వచ్చారు. ఒళ్ళంతా తడిసి ఉన్నారు. పిల్ల మడమ నుంచి ఒక బొట్టు రక్తం తీసి చూశారు. ఇంకా ఉంది గానీ భయం దాటింది, దీపం కింద రెండు రోజులు ఉంచితే చాలు అన్నారు. తెరలు ఎంత పని చేశాయి, పాలు ఎంత పని చేశాయి, పిల్ల తనంతట ఎంత తేరుకుంది అని అడిగాను. చెప్పలేను అన్నారు. అది కూడా రాసుకున్నాను.

తర్వాత నా కళ్ళు చూశారు. శుక్లాలు. రెండింటిలోనూ ముదిరి పసుపు తిరిగాయట. నిలకడ కాలం రాగానే తీసేస్తామన్నారు. ఒక కంటికే చేయమన్నాను. ఎందుకని అడిగారు. రెండో కంటితో కూడా చూసుకోవాలి, ఎంత తప్పానో తెలియాలి కదా అన్నాను. సరే, ముందు ఒకటే చేద్దాం, రెండోది తర్వాత మాట్లాడదాం అన్నారు.

పడవ ఎక్కబోతూ, ఆ రోజు మీ మాటకి విలువిచ్చాను, బంగారమ్మ గారి మాటకి ఇవ్వలేదు, నా తప్పూ ఉంది, అది కూడా మీ పుస్తకంలో రాయండి అన్నారు. రాస్తున్నాను.

వానగాలి, 15వ రోజు

హాల్లో అందరూ కూర్చున్నారు. నేను రంగు పని వదిలేస్తానని చెప్పడానికి లేచాను. రేకు పెట్టె తీసుకెళ్ళి బంగారమ్మ ముందు పెట్టాను.

ఆమె దాన్ని నా వైపు తోసింది. "నాకు మీటలు తెలవవు. నీకు కళ్ళు లేవు. ఇద్దరం కూకుందాం," అంది. తర్వాత, "ఈసారి మా ఆయన్ని నల్లగా సెయ్యి," అంది.

ఈ రోజు ఆయన్ని నల్లగా చేశాం. గుడ్డ పక్కన పెట్టుకుని, ఇద్దరం కూర్చుని, హాలు టీవీకి నీలం తొమ్మిది మెట్లు తగ్గించాం. నా కంటికి హాలంతా మీగడలో ముంచినట్టుంది. బంగారమ్మ తెర ముందు చాలాసేపు నిలబడింది. సరిగ్గా ఉన్నాడా అని అడిగాను. కళ్ళు తుడుచుకుని, మీసం దగ్గర ఇంకొంచెం నలుపు ఉండేదని చెప్పింది. అది మీటతో వచ్చేది కాదు. నేను ఆ మాట చెప్పలేదు.

పుస్తకంలోది ఇంతే.

ఇక మిమ్మల్ని అడగాల్సింది ఉంది. గుడ్డలు పదకొండూ ఒకే తానులోవే గానీ, ఒక్కో మంచెలో ఒక్కో వెలుతురు చూసి ఉంటాయి. మాది ఆరేళ్ళు పెట్టెలో ఉంది. మీది రోజూ గోడ మీద వేలాడుతోందని విన్నాను. ఏది వెలిసిందో, ఏది నిలిచిందో ఒకదాని పక్కన ఒకటి పెడితే గానీ తెలియదు. అందుకని మా గుడ్డ అంచు నుంచి తొమ్మిది చారలూ వచ్చేలా వేలెడు ముక్క కోసి ఈ కాగితానికి కుట్టాను. కోసేటప్పుడు అంచు వంకరగా వచ్చింది. దాని కింద కుట్టిన చిన్న ముక్క పిల్ల పొత్తిగుడ్డది. అది తెలుపని ఇక్కడ అందరూ అంటున్నారు. నాకు ఇంకా లేత మీగడ రంగే.

రెండింటినీ మీ గుడ్డ పక్కన, కిటికీ వెలుతురులో పెట్టి, మీకు ఏం కనబడిందో రాయండి. మీరొక్కరే చూడకండి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. మీ ఇద్దరికీ మాట కలవకపోతే అదే రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి.

తొమ్మిదో మంచెలో ఒకామెకి వచ్చే నెలలో నెలలు నిండుతాయి. వాళ్ళ పురుడుగది తెర కూడా నా చేత్తో పట్టిందే. ఈ శనివారం మీ వైపు నుంచి వచ్చే పడవలో మీ జవాబు ఉంటే, సోమవారం ఆ తెర తిరిగి పట్టడానికి నేను, బంగారమ్మ అక్కడికి బయల్దేరతాం. దయచేసి త్వరగా రాయండి.

ఇట్లు,
మల్లాడి సింహాద్రి